చినిగిన చోట

చింతపండు కొట్టేటప్పుడు ఆదిలక్ష్మమ్మకు కళ్ళతో పని లేదు. ఎడమచేత్తో కాయను రాతిమీద పెట్టడం, కుడిచేతి సుత్తితో ఒక్క దెబ్బ, గింజ ఒకవైపు, ఈనె ఒకవైపు, పండు చాటలోకి. చేతులు వాటి పాటికి అవి చేసుకుపోతాయి. అందుకే కళ్ళు ఎదురింటి తిన్నె మీద ఉన్నాయి.

ఆ తిన్నె దేవకమ్మది. పొద్దెక్కకముందే ఇద్దరు బిడ్డతల్లులు వచ్చి కూర్చున్నారు. ఒకామె చంకలో పాలుతాగే పిల్ల గొంతు బొంగురుపోయేలా ఏడుస్తోంది. దేవకమ్మ కాళ్ళు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టుకుంది. సానమీద వసకొమ్ము అరగదీసి, వేలికొసతో నాలుక మీద రాసింది. అరచేతిలో ఆముదం వెచ్చబెట్టి, బొడ్డు చుట్టూ నిదానంగా తిప్పింది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వెక్కిళ్ళు నిద్రలోకి దిగాయి.

"నీ చెయ్యే మందు దేవకమ్మా," అంది తల్లి.

సుత్తి కాయ మీద కాక ఆదిలక్ష్మమ్మ బొటనవేలి మీద పడింది.

వేలు నోట్లో పెట్టుకుని, తీసి, వీధికి అడ్డంగా కేకేసింది. "ఏమ్మే, బిడ్డ కండ్లకి కాటుక అంత మందంగా పెట్టినావే. పెట్టగూడదంట. కండ్లు సెడిపోతాయని పేపర్లో రాసినారు."

ఆ తల్లి తల తిప్పి చూసింది. "పేపరోళ్ళు బిడ్డల్ని కన్నారా అవ్వా?"

ఇద్దరు తల్లులూ నవ్వారు. దేవకమ్మ నవ్వలేదు. "అక్క సదివి సెప్తాది. మన మంచికే సెప్తాది," అంది మెత్తగా. నవ్వి ఉంటే బాగుండేది. ఆ మెత్తదనమే ఆదిలక్ష్మమ్మకు అరగలేదు. తను కూడబలుక్కుని చదివి చెప్పిన మాట ఈ వీధిలో ఏ ఒక్కరూ చెవిన పెట్టరు. దేవకమ్మకు అ ఆలు రావు. ఆమె చిటికెన వేలు ఆడిస్తే మాత్రం పుత్తూరు నుంచి కూడా వస్తారు.

అంతలో చాట పక్కన గింజలు ఏరుకుంటున్న మనవడు వంశీ లేచాడు. మూడో ఏడు ఇంకా నిండలేదు. లాగు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, వీధి దాటి, దేవకమ్మ తిన్నె వైపు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వెనక్కి చూడకుండా పోయేవాళ్ళంటే ఆదిలక్ష్మమ్మకు గుండె జారుతుంది. ఆమె మొగుడు చెరుకుబండి మీద కడసారి పోయింది అట్లాగే.

"ఆగు నాయనా, లారీ వస్తాది."

"ఈ సందులోకి లారీ యాడొస్తాదక్కా," అంది దేవకమ్మ. "ఎనుము తిరగాలంటేనే రెండు మాట్లు ఎనక్కి పోవాల." వంశీని ఒళ్ళోకి లాక్కుని నోట్లో బెల్లం ముక్క పెట్టింది. పిల్లవాడు ఆమె మెడలోని నల్లపూసలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

ఆదిలక్ష్మమ్మ చాట ఎత్తి లోపల పెట్టి, కొంగు దులుపుకుని, మస్తాన్ వలి అంగడికి నడిచింది.

మస్తాన్ వలి పొట్లాలు కట్టే పాతపేపర్ల దొంతర కింద నుంచి ఒక పేజీ లాగాడు. "అక్కా, నీ డాక్టరు పేజీ. దీంట్లో శనగపప్పు కట్టబోయి ఆపినా."

"కట్టుంటే?"

"పప్పు తిన్నోళ్ళకు ఆరోగ్యం వచ్చుండేది."

ఆమె అంగడి మూల నీళ్ళతొట్లో నిలబడి ఉన్న కూల్‌డ్రింకు సీసాల వైపు చూసింది. "ఆ కలరు ఒకటి ఇయ్యి. మూత తిప్పేది, ప్లాస్టిక్‌ది."

"నీకా? కలర్లు తాగద్దని పోయిన వారమే గదక్కా నాకు సదివి సెప్పినావు."

"సెప్పినా. ఇయ్యి."

ఆ సాయంత్రం దేవకమ్మ తిన్నెకు ఎదురుగా, ఆమెకు కనిపించేలా కూర్చుని, వంశీకి సీసా నోటికి అందించింది. వాడు రెండు చేతులతో పట్టుకుని గుటకలేశాడు. గడ్డం మీదుగా ఎర్రగా కారింది. "ఇంకా," అన్నాడు. "ఇంకా," అంటూ ఆమె ఒళ్ళో ఎక్కాడు. మరునాడు కూడా ఎదురింటికి పోలేదు. ఖాళీ సీసాను చంకలో పెట్టుకుని ఆమె కొంగు పట్టుకుని తిరిగాడు. "అవ్వా, కలరు," అన్నప్పుడల్లా ఆమె అందులో చక్కెరనీళ్ళు పోసి ఇచ్చింది. ఎదురింట్లో దేవకమ్మ ఒకసారి చెయ్యి ఊపి, "నా సామి అలిగినాడా?" అని అడిగింది. ఆదిలక్ష్మమ్మ చూడనట్టు ఊరుకుంది. ఆ రోజంతా ఆమెకు అన్నం రుచిగా ఉంది.

మస్తాన్ వలి ఇచ్చిన పేజీని మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని చదివింది. ఆమె చదవడం నడక నేర్చే పిల్ల నడకలా ఉంటుంది. వేలు ముందు పోతుంది, గొంతు వెనకాల వస్తుంది. కోడలు పల్లవి వంకాయలు తరుగుతూ ఊఁ కొడుతోంది.

"కి-రో-సిన్, పురుగుమందులు కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచరాదు. విన్నావా?"

"విన్నానత్తా."

"పిల్లలు పొరపాటున కిరోసిన్ తాగితే, వాంతి చే-యిం-చ-రా-దు." ఆగి, వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ చదివింది. తప్పు చదివాననుకుంది. తప్పు లేదు. ఆస్పత్రికి తీసుకుపోవాలన్న మాట దాటి, ఆ కింది వాక్యం దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. *వాంతి చేయిస్తే పైకి వచ్చిన కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణానికే ముప్పు తెస్తుంది.*

తలెత్తి ఎదురింటి వైపు చూసింది. దేవకమ్మ పెద్దకొడుకు సుందరరాజు పసివాడప్పుడు కిరోసిన్ దీపపు బుడ్డి ఎత్తి తాగాడు. వీధంతా చేరింది. దేవకమ్మే తల వంచి పట్టుకుని కుంకుడు నురగ పోసి కక్కించింది. మూడోనాటికి ఆయాసమొచ్చి పోయాడు. దృష్టి తగిలిందన్నారు, రాత అన్నారు. అందరూ అన్నారు. తనూ అంది.

కాగితం మడిచి రొంటిన దోపుకుంది. ఒక్క వాక్యం. ఆ తిన్నె మీద ఆడవాళ్ళు నిండుగా ఉన్నప్పుడు, గట్టిగా, తప్పులేకుండా చదివితే చాలు. ఆ ఆలోచన నోట్లో చింతపండులా ఊరుతూ ఉండిపోయింది.

"ఏమైందత్తా, ఆపేసినారే?"

"కండ్లు లాగతా ఉండాయి."

ఆ వారమే రేషను కిరోసిన్ వచ్చింది. డబ్బాకు అడుగున చిల్లి పడిందని పల్లవి నీలంరంగు నూనెను చేతికందిన ఖాళీ కలరు సీసాలో పోసి మూత తిప్పింది. ఆదిలక్ష్మమ్మ చూసింది. "ఆ సీసాలో వద్దు మ్మా. పేపర్లో..."

"స్టవ్వులో పోసేదాకే అత్తా. ఒక పూట."

ఆమె సీసా తీసి అటక మీద పెట్టింది. పల్లవి దించింది. మళ్ళీ పెట్టింది. ఈసారి పల్లవి దించి స్టవ్వు పక్కనే ఉంచింది. "దినమ్మూ ఒక బయం మీకు," అంది పల్లవి విసుగ్గా. "నిన్న నా చేతి గాజు పగిలితే గాజుముక్క అన్నంలో పడిందని అన్నమంతా పారబోపిస్తిరి. మొన్న ఆయన బస్సు ఆలస్యమైతే స్టాండు దాకా పోయి నిలబడితిరి. ఎట్ల బతకాల మీతో?" ఆదిలక్ష్మమ్మ కొడుకు, పల్లవి మొగుడు యోగానంద తిరుపతి బస్సు డిపోలో మెకానిక్కు. రోజూ పొద్దున్నే వడమాలపేటలో బస్సెక్కి పోతాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆదిలక్ష్మమ్మ వాకిట్లో నిలబడే ఉంటుంది. ఆ రోజూ నిలబడింది.

పల్లవి గుడ్డలమూట చంకనెత్తుకుంది. "బిడ్డను సూస్తా ఉండండి. నేను మోటారు కాడ జాడిచ్చుకొని వస్తా."

"పో. సూస్తా."

వంశీ లోపల గచ్చు మీద సీసామూతలతో ఆడుకుంటున్నాడు. ఆదిలక్ష్మమ్మ చింతపండు రాయి వాకిట్లోకి జరుపుకుని వీపు ఇంటివైపు పెట్టి కూర్చుంది. ఎదుట తిన్నె నిండుతోంది. మొన్నటి తల్లి మళ్ళీ వచ్చింది. పిల్ల నయమైందని తమలపాకులు, అరటిపండ్లు తెచ్చింది. వెంట ఇంకో నలుగురు. ఇదే అదను. ఆదిలక్ష్మమ్మ రొంటిన చెయ్యి పెట్టి కాగితం అంచు తడిమింది. మొదటి మాట ఎలా ఎత్తుకోవాలో లోలోపల కూర్చుకుంటోంది. 'ఏమ్మే దేవకీ, దీంట్లో ఏం రాసినారో విను.' కాదు. 'అందరూ వినండమ్మా.' దేవకమ్మ ఆ తమలపాకులు కళ్ళకద్దుకుంది. 'అందరూ' అనే బాగుంటుంది.

లోపల దగ్గు వినిపించింది. వినిపించిందని ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమె తిన్నె మీది ఆడవాళ్ళనే చూస్తోంది. దగ్గు మళ్ళీ వచ్చింది. ఊపిరి తిరగని పొడిదగ్గు. వాసన వచ్చింది.

లేచి పరుగెత్తింది. స్టవ్వు పక్కన వంశీ కూర్చుని ఉన్నాడు. సీసా పక్కకు పడి, నీలంగా గచ్చు మీద పారుతోంది. చొక్కా ముందుభాగమంతా తడిసింది. ముక్కులోంచి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవ్వను చూసి చెయ్యి చాపాడు.

"కలరు కారం," అన్నాడు.

ఆమె అరవలేదు. అరుపు తర్వాత పల్లవి నోట్లోంచి వచ్చింది, తడి గుడ్డలు గడపలో జారవిడిచి. అరుపుతో వీధి కదిలింది. తిన్నె ఖాళీ అయింది. ఆదిలక్ష్మమ్మ పిల్లవాడి తడిచొక్కా విప్పి, మూతి, మెడ, రొమ్ము తడిగుడ్డతో తుడిచేలోపు వంటిల్లు జనంతో నిండింది. అందర్నీ తోసుకుంటూ దేవకమ్మ వచ్చింది. చేతిలో కుంకుడుకాయలు. వస్తూ వస్తూనే వాటిని గుమ్మానికేసి చితకొట్టింది. చెంబులో వేసి కలియబెట్టింది. నురగ చెంబు అంచు దాటింది.

"పల్లవీ, తల వంచి పట్టుకో. ఎవరన్నా కోడి ఈక తెండి."

"కక్కిచ్చగూడదు," అంది ఆదిలక్ష్మమ్మ.

"ఏమంటా ఉండావక్కా?"

"కక్కిచ్చగూడదు మే. పేపర్లో..."

పేపరు మాట వినగానే వెనకాల ఎవరో నాలుక చప్పరించారు. పల్లవి అత్త వైపు తిరిగింది. ముఖం పాలిపోయి ఉంది. "ఇప్పుడు కూడానా అత్తా? దేవకమ్మ మీద మీకుండే కడుపుమంట నా బిడ్డ మీద తీర్సుకోవద్దండి. మీకు దండం పెడతా."

గదిలో ఎవరూ ఆ మాట తప్పనలేదు.

"జరుగక్కా," అంది దేవకమ్మ. "నా సుందరానికి ఆలస్యమైపోయింది. కుంకుడు దొరికేతలికి ఆలస్యమైపోయింది. అందుకే దక్కల్యా. ఈ బిడ్డను పోనీను నేను. జరుగు."

ఆదిలక్ష్మమ్మ చెయ్యి రొంటిన ఉంది. కాగితం వేళ్ళకు తగులుతోంది. ఆ వాక్యం చదివితే దేవకమ్మ చేతిలోంచి చెంబు జారిపోతుంది. అయితే ఎవరు విననిస్తారు? కూడబలుక్కునేలోపు నురగ పిల్లవాడి గొంతులో ఉంటుంది. అసలు తను ఇప్పుడు అంటున్నది తెలిసి అంటున్నదా, మంటకొద్దీ అంటున్నదా? ఆ వాక్యాన్ని తను ఎంత తియ్యగా చప్పరించిందో తనకు తెలుసు. వంశీ మళ్ళీ దగ్గాడు. పెదాల చుట్టూ రంగు మారినట్టుంది.

ఆమె రొంటిలోంచి చెయ్యి తీసింది. పిల్లవాణ్ణి ఎత్తి, దేవకమ్మకు అందించింది.

"నువ్వు అనేది నిజమే మే. ఆలస్యమైతే దక్కరు. పుత్తూరు పిల్లల డాక్టరు దగ్గర మిషను ఉండాది. కుంకుడు కంటే బిరబిరా కక్కిస్తాది. ఈడ పోస్తా కూర్చుంటే పొద్దుపోతాది. నువ్వే ఎత్తుకో. నీ సంకలో అయితే ఏడవడు. ఏడిస్తే దగ్గు ఎక్కువైతాది."

దేవకమ్మ చెంబు వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఆలస్యం అన్న మాట ఆమెలో ఎక్కడ తగిలిందో ఆదిలక్ష్మమ్మకు తెలుసు. తెలిసే అక్కడ కొట్టింది. దేవకమ్మ చెంబును స్టవ్వు పక్కన పెట్టింది. రెండు చేతులతో పిల్లవాణ్ణి అందుకుంది. వాడు ఆమె నల్లపూసలు పట్టుకున్నాడు.

మస్తాన్ వలి రోడ్డు మీద ఆటో ఆపి ఉంచాడు. యోగానందకు ఫోను చేయడానికి ఎస్టీడీ బూతుకు తనే పరుగెత్తాడు. ఆటోలో దేవకమ్మ మధ్యలో, చెరోపక్క అత్తా కోడళ్ళు. "కూర్చోబెట్టే పట్టుకో, పండేయద్దు," అంది ఆదిలక్ష్మమ్మ. దేవకమ్మ దారిపొడవునా పిల్లవాడి చెవిలో బెల్లం గురించి, కోడిపిల్లల గురించి చెబుతూనే ఉంది. వాడు ఏడవలేదు. ఆదిలక్ష్మమ్మ కిరోసిన్ కంపు కొట్టే చొక్కాను ఒళ్ళో ముద్దగా పట్టుకుని, మనవడి వేళ్ళు ఎవరి మెడలో చిక్కుకుని ఉన్నాయో చూస్తూ కూర్చుంది. ఇంత భయంలోనూ అది కనబడటం ఆమెకు సిగ్గనిపించింది. అయినా కనబడింది.

డాక్టరు పిల్లవాడి వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. "కక్కించారా?"

"ఇంకా ల్యా సామీ," అంది దేవకమ్మ. "మీ మిషను ఉండాదని బిరబిరా తెచ్చినాము."

"ఏ మిషను? కక్కించకపోవడమే వీడి అదృష్టం. కక్కించి ఉంటే..." అంతలో వంశీకి దగ్గు తెర వచ్చింది. డాక్టరు వాడి వైపు వంగి, నర్సును కేకేసి, ఎక్స్‌రేకు పంపాడు. తిరిగి వచ్చాక, "ఊపిరితిత్తులు చాలావరకు బాగున్నాయి. రేపటిదాకా ఇక్కడే ఉంచండి," అన్నాడు. "కక్కించొద్దని ఎవరు చెప్పారు?"

పల్లవి కళ్ళు తుడుచుకుంటూ దేవకమ్మను చూపించింది. "ఈయమ్మే సార్ ఎత్తుకొచ్చింది."

"బాగా తెచ్చావమ్మా. చాలామందికి తెలీదు."

దేవకమ్మ గోడకు ఆనుకుని ఉన్న ఆదిలక్ష్మమ్మ వైపు చూసింది. ఆదిలక్ష్మమ్మ చొక్కాను మడతపెడుతోంది. చిన్న చొక్కా అది. మడత పెట్టడానికి అంతసేపు పట్టదు. యోగానంద తిరుపతి నుంచి వచ్చి, కొడుకును చూసి, దేవకమ్మ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు కూడా ఆమె కళ్ళు ఆదిలక్ష్మమ్మ మీదే ఉన్నాయి.

మరునాడు పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చారు. ఆ మర్నాటికి వీధిలో మాట స్థిరపడిపోయింది. దేవకమ్మ చేతిలో పడ్డాడు కాబట్టి దక్కాడు. డాక్టరే మెచ్చుకున్నాడంట. ముసలామె వద్దు వద్దని అడ్డం పడిందంట, పాపం, వయసు మీదపడితే అంతే. తిన్నె మీద చోటు చాలక ఆడవాళ్ళు మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఆదిలక్ష్మమ్మ చింతపండు కొడుతూ అన్నీ విన్నది. కాగితం ఇంకా రొంటిలోనే ఉంది, చెమటకు మెత్తబడి. దాన్ని తీసి చదవడానికి ఇంతకంటే నిండైన తిన్నె ఇంకెప్పుడూ దొరకదు. పల్లవి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి అటక మీద కొత్త డబ్బా పెట్టిన చప్పుడైంది.

ఎదురింట్లో దేవకమ్మ ఏ బిడ్డనూ కాళ్ళ మీద పడుకోబెట్టుకోలేదు. ఒక తల్లి బిడ్డను అందించబోతే వెనక్కి ఇచ్చింది. "ఒంట్లో బాగల్యా. ఇంకో పొద్దు రాండి," అని అందరినీ పంపేసింది. తిన్నె తడిగుడ్డతో తుడిచింది. వీధి దాటి వచ్చి, ఆదిలక్ష్మమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, చాటలోంచి ఒక పండు తీసుకుని ఈనె లాగడం మొదలుపెట్టింది.

ఆదిలక్ష్మమ్మ చాటను ఆమె వైపు జరిపింది.

"మిషను ల్యాకపాయ గదక్కా," అంది దేవకమ్మ.

"ల్యాకపాయ."

"ఆ పేపరు ఉండాదా?"

"ఉండాది."

"సదువు."

ఆదిలక్ష్మమ్మ కాగితం తీసి, మోకాలి మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసింది. వేలు పెట్టింది. "కిరోసిన్, పురుగుమందులు కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచరాదు."

"ఊఁ."

"పిల్లలు పొరపాటున కిరోసిన్ తాగితే వాంతి చేయించరాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి."

"ఊఁ." దేవకమ్మ చేతిలో ఈనె సగం ఊడి ఆగింది. "డాక్టరు సెప్పబోయి ఆపేసినాడు. కక్కిస్తే ఏమైతాదంట?"

వేలు ఆ వాక్యం కిందే ఉంది. ఆదిలక్ష్మమ్మకు ఇప్పుడు దాన్ని కూడబలుక్కోవాల్సిన పని కూడా లేదు. నోటికి వచ్చేసింది. దేవకమ్మ ఆమె ముఖం వైపు చూడటం లేదు, వేలు వైపు చూస్తోంది. చింతపండు జిగురు అంటిన చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉంది. ఆ చేతులే ఆ రోజు సుందరరాజు తల వంచి పట్టుకున్నాయి.

"ఈడ చినిగిపోయింది మే," అంది ఆదిలక్ష్మమ్మ.

దేవకమ్మ చేతులు చీర చెరగుకు తుడుచుకుని, చెయ్యి చాపింది. ఆదిలక్ష్మమ్మ కాగితం ఇచ్చింది. దేవకమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. తిప్పి వెనకవైపు చూసింది. నాలుగు అంచులూ వేలితో తడిమింది. మడత మీద గోటితో గీసింది. కాగితానికి సూది దూరేంత చిల్లు కూడా లేదు. ఆమె చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఉంది.

మడత మీద మడత పెట్టి తిరిగి ఇచ్చింది.

"ఔనక్కా," అంది. "చినిగిపోయింది."

లోపల వంశీ నిద్రలో మూలిగి, మళ్ళీ సద్దుమణిగాడు. ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు.

"కింద ఇంకేమో ఉన్నట్టుండాదే," అంది దేవకమ్మ. సుత్తి అందుకుని కాయను రాతిమీద పెట్టింది. "అది సదువు. నిదానంగా సదువు."

"కాలిన చోట చల్లని నీళ్ళు పోయాలి. పేస్టు, సిరా పూయరాదు."

"సన్నీళ్ళు పొయ్యాల. పేస్టు పూయగూడదు," అని వల్లించుకుంటూ దేవకమ్మ ఒక దెబ్బ వేసింది. "ఊఁ, ఆ తర్వాత?"

ఆదిలక్ష్మమ్మ వేలు కింది వరుసకు జరిగింది. ఎదురింటి తిన్నె ఖాళీగా ఉంది. ఆమె అటు చూడలేదు.